రాని యుద్ధానికి రాసే ప్రోగ్రామ్

మా అన్నయ్య వైమానిక దళంలో రాడార్ తెరల ముందు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ప్రోగ్రాములు రాస్తుంది. సైన్యంతో దాని పనికి సంబంధం లేదు గానీ, పాత కంప్యూటర్ల కథలంటే చెవి కోసుకుంటుంది. సికింద్రాబాద్‌లో మాజీ అధికారుల సదస్సులో మాట్లాడమని అన్నయ్యను పిలిచారు. 2050 నాటికి సైన్యాల కమాండ్ అండ్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ ఎలా ఉంటుందన్నది అంశం. రాడార్లు, ఉపగ్రహాలు, నిఘా విమానాలు చూసినదంతా ఒకచోట పోగుచేసి కమాండర్ ముందు పెట్టడం, ఆయన ఆదేశాన్ని మళ్లీ క్షిపణి దాకా చేర్చడం ఈ సాఫ్ట్‌వేర్ పని. అన్నయ్య రాసుకున్న కాగితాలు అమ్మాయి చేతిలో పడ్డాయి. అక్కణ్నుంచి జరిగిన వాదన ఇది. నేను తలదూర్చిన చోట్లు బ్రాకెట్లలో ఉన్నాయి.

అమ్మాయి: పెదనాన్నా, ఇది ఉగాది పంచాంగ శ్రవణంలా ఉంది. కృత్రిమ మేధకు ఆదాయం పద్నాలుగు, వ్యయం రెండు. క్వాంటమ్ కంప్యూటర్‌కు రాజపూజ్యం ఆరు, అవమానం ఒకటి. 2050లో ఏ ప్రోగ్రామ్ నడుస్తుందో మీకెలా తెలుసు? వచ్చే దసరాకి మా ఆఫీసులో ఏది నడుస్తుందో నాకే తెలియదు.

అన్నయ్య: తెలియకపోయినా మీ ఆఫీసుకి నష్టం లేదమ్మా. పొద్దున రాస్తారు, సాయంత్రం మారుస్తారు. మా దగ్గర అలా కుదరదు. పెచోరా క్షిపణులు మనకు 1970లలో వచ్చాయి. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ జరిగినప్పుడు కూడా అవి డ్యూటీలోనే ఉన్నాయి. ఇవాళ కొన్న రాడార్ నీకు పుట్టబోయే పిల్లల పెళ్లిళ్ల దాకా ఉంటుంది. దానికి ఏ నెట్‌వర్కు తగిలించాలో, దాంతో ఏ లెక్కలు చేయించాలో క్యూఆర్‌లో ఇవాళే రాయాలి.

(ఈ క్యూఆర్ ఫోన్‌తో స్కాన్ చేసేది కాదు. కొనబోయే ఆయుధం ఏమేం చేయాలో సైన్యం ముందుగా రాసిచ్చే పత్రం. సేనల్లో దాన్ని అలాగే పిలుస్తారు.)

అమ్మాయి: మన క్యూఆర్‌లు మార్వెల్ కామిక్ పుస్తకాల్లోంచి ఊడిపడ్డట్టున్నాయని మనోహర్ పారికర్ రక్షణ మంత్రిగా ఉండగా అన్నాడు కదా?

అన్నయ్య: అన్నాడు, తప్పేం లేదు. అది అత్యాశ మీద విసురు. ముందుచూపే వద్దని ఆయన అనలేదు.

అమ్మాయి: సరే, ముందుచూపు కోసం అందరికంటే ఎక్కువ ఖర్చు పెట్టినవాళ్ల సంగతే చూద్దాం. సోవియట్ బాంబర్లు ధ్రువం మీదుగా వచ్చి పడతాయని 1950లలో అమెరికా లెక్క వేసుకుంది. ఎంఐటీ లింకన్ ల్యాబ్, ఐబీఎం కలిసి సేజ్ అనే వ్యవస్థ కట్టాయి. ఒక్కో కంప్యూటర్ బరువు 250 టన్నులు. అందులో 50 వేల దాకా వాక్యూమ్ ట్యూబులు. దానికి కావలసిన కరెంటు 3 మెగావాట్లు. ఎక్కడో రాడార్‌కి కనబడిన విమానం టెలిఫోన్ తీగల మీదుగా ఇక్కడి తెర మీదకి చుక్కై వస్తుంది. ఆపరేటర్ చేతిలో తుపాకీ ఆకారంలో లైట్ గన్ ఉంటుంది. దాన్ని ఆ చుక్కకి గురిపెట్టి మీట నొక్కితే దాని వివరాలొస్తాయి. నిజంగా అద్భుతమే. న్యూజెర్సీలో మొదటి కేంద్రం 1958 జులైలో పని మొదలుపెట్టింది. అంతకు ముందు సంవత్సరమే రష్యావాళ్లు ఖండాంతర క్షిపణి పరీక్షించారు, ఆ వెంటనే స్పుత్నిక్ ఎగరేశారు. బాంబర్లను పట్టడానికి కట్టిన వలలోకి క్షిపణి రాదుగా.

అన్నయ్య: దాంతో సేజ్‌ని మూసేశారా? 1980ల దాకా నడిపారు. బాంబర్లూ మాయం కాలేదు. పైగా అక్కడ నేర్చుకున్న పనితోనే ఐబీఎం అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కి సేబర్ టికెట్ రిజర్వేషన్ వ్యవస్థ కట్టి ఇచ్చింది.

అమ్మాయి: నేననేదీ అదే! విమానం టికెట్ల గురించి ఏ జనరల్ రాశాడు? ఇంకోటి వినండి. సేజ్ కుటుంబానికే చెందిన క్యూ-32 అనే కంప్యూటర్ ఒకటి పనిలేకుండా మిగిలిపోయింది. కమాండ్ అండ్ కంట్రోల్ పరిశోధనకని దాన్ని అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ ఆర్పాకి అప్పగించారు. 1962లో ఆ పరిశోధన విభాగానికి అధిపతిగా లిక్‌లైడర్ అనే ఆయన వచ్చాడు. మనిషి, కంప్యూటర్ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నట్టు పనిచేయడం ఎలాగన్నదే అసలు సమస్య అని, ఆ డబ్బు యూనివర్సిటీలకి పంచాడు. అదే విభాగం నుంచి 1969లో ఇంటర్నెట్‌కి మూలమైన ఆర్పానెట్ వచ్చింది. ఇంటర్నెట్ మీ పద్దులోనే పుట్టింది, మీ క్యూఆర్‌లో మాత్రం ఎక్కడా లేదు.

అన్నయ్య: ఆ పద్దు ఎక్కణ్నుంచి వచ్చింది మరి? బాంబర్లు వస్తాయన్న అంచనా లేకపోతే ఆ కంప్యూటర్ లేదు. అది లేకపోతే నీ లిక్‌లైడర్‌కి ఆఫీసు గదే లేదు. తప్పు అంచనా అయినా సరే, డబ్బు తలుపు తీసేది అదే.

(ఈ మాటకి అమ్మాయి దగ్గర వెంటనే జవాబు లేదు. నా దగ్గర ఇప్పటికీ లేదు.)

అన్నయ్య: నువ్వు ఓడిపోయిన జోస్యాలే ఏరి తెస్తున్నావు. గెలిచింది ఒకటి నేను చెప్తా. 1980లలో కమాండ్ అండ్ కంట్రోల్‌కి ఏమేం కావాలో తేల్చమని అమెరికా వైమానిక దళం 1971లో ఒక అధ్యయనం చేయించింది. పేరు సీసీఐపీ-85. ర్యాండ్ సంస్థలో పనిచేసే బ్యారీ బోమ్ దాన్ని నడిపించాడు. ఇంకా వేగమైన కంప్యూటర్లు, ఇంకా పెద్ద మెమరీలు కావాలని తేలుతుందనుకున్నారు. తీరా చూస్తే అడ్డం పడుతున్నది యంత్రం కాదు, ప్రోగ్రామ్. 1972లో ఆ ఒక్క దళమే సాఫ్ట్‌వేర్ మీద 100 నుంచి 150 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టిందని లెక్క తేలింది. కంప్యూటర్లు కొనడానికయ్యే ఖర్చుకి అది దాదాపు మూడు రెట్లు. 1985కల్లా మొత్తంలో సాఫ్ట్‌వేర్ వాటా 90 శాతం దాటుతుందని బోమ్ 1973లో డేటామేషన్ పత్రికలో రాశాడు. అప్పటికి ఇంటెల్ 4004 చిప్ మార్కెట్లోకి వచ్చి ఏడాదిన్నర. యంత్రాన్ని దేవుడిలా చూస్తున్న రోజుల్లో ఆ మాట అనడం ముందుచూపు కాదా?

అమ్మాయి: ముందుచూపే. ఆ 90 శాతం లెక్కని తర్వాత తప్పుపట్టినవాళ్లున్నారు గానీ, దిక్కు మాత్రం సరిగ్గా చూపించాడు. అయితే ఆయన మాటల్లో ఇవాళ్టికీ మనం తలుచుకుంటున్నది ఏది? ఫలానా సంవత్సరానికి ఫలానా యంత్రం వస్తుందన్న మాట కాదు. ఈ పని కష్టం, ముందు ముందు ఇంకా కష్టమవుతుంది అన్న మాట. కష్టం గురించి చెప్పిన జోస్యం నిలుస్తుంది పెదనాన్నా, రాబోయే అద్భుతం గురించి చెప్పింది నిలవదు.

అన్నయ్య: అయితే గోర్డన్ మూర్ సంగతేమిటి? చిప్ మీద ట్రాన్సిస్టర్లు రెట్టింపవుతూ పోతాయని 1965లో అన్నాడు. దశాబ్దాల పాటు నిలిచింది.

అమ్మాయి: అది జోస్యంగా మొదలై గడువుగా మారింది. ఆ గీత తప్పకూడదని పరిశ్రమ మొత్తం పరిగెత్తింది. అయినా అది సిలికాన్ సంగతి. ప్రోగ్రామ్‌కి అలాంటి గీత ఎవరూ గీయలేకపోయారు.

అన్నయ్య: గీశారు, దాన్ని అందుకున్నది మన చిత్తూరు జిల్లావాడే. కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. మనిషి మాటని అర్థం చేసుకునే ప్రోగ్రామ్ ఐదేళ్లలో కావాలని, 1971లో ఆర్పా అంకెలతో సహా లక్ష్యం పెట్టింది. 1,000 మాటలు తెలియాలి, తప్పులు 10 శాతానికి మించకూడదు. 1976 నాటికి కార్నెగీ మెలన్‌లో ఆయన బృందం హార్పీ అనే ప్రోగ్రామ్‌తో చేసి చూపించింది. 1,011 మాటలు!

అమ్మాయి: చూపించాక ఏమైంది? ఆర్పా ఆ పద్దు ఆపేసింది. కొన్ని రకాల వాక్యాలే చెప్పాలి, చెప్పాక ఆగాలి. అలాంటిదాంతో ఏ కమాండర్ యుద్ధం నడుపుతాడు? లెక్క కుదిరింది, పని కుదరలేదు.

అన్నయ్య: హార్పీ వెతికిన దారి తర్వాత వచ్చినవాళ్లందరికీ ఉపయోగపడింది. నువ్వు ఫోన్‌తో మాట్లాడుతున్నావంటే ఆ దారినే వచ్చింది.

అమ్మాయి: ముప్పై, నలభై ఏళ్లకి, యుద్ధంతో సంబంధం లేని వాళ్ల చేతుల్లోకి వచ్చింది. ఇక అడా సంగతి సరే సరి. అమెరికా రక్షణ శాఖలో 450కి పైగా ప్రోగ్రామింగ్ భాషలు పోగుపడ్డాయని లెక్కతేల్చి, అన్నిటికీ బదులు ఒకే భాష తయారుచేశారు. చట్టం పెట్టి మరీ రాయించారు. 1997లో ఆ నిబంధన వాళ్లే ఎత్తేశారు.

(అడా మంచి భాషే, విమానాల్లో ఇప్పటికీ వాడుతున్నారని అన్నయ్య గొణిగాడు. అది నిజమే గానీ అమ్మాయి వినిపించుకోలేదు. అప్పటికే 1985లో ఉంది.)

అమ్మాయి: కష్టం గురించి జోస్యం అన్నాను కదా, ఇంకొకటి వినండి. రీగన్ 1983లో అంతరిక్ష రక్షణ కవచం ప్రకటించాడు. వేల క్షిపణులు ఒక్కసారి వచ్చినా ఆకాశంలోనే కూల్చాలి. దాన్ని నడిపే కంప్యూటర్ల మీద సలహా ఇవ్వడానికి ఒక బృందాన్ని వేశారు. రోజుకి వెయ్యి డాలర్ల ఫీజు. అందులో ఒకడైన డేవిడ్ పార్నస్ 1985లో రాజీనామా చేశాడు, ఎందుకో చిన్న చిన్న వ్యాసాలు రాసి మరీ. ఆయన వాదన సూటిగా ఉంటుంది. శత్రువు ఏం పంపుతాడో ముందుగా తెలియదు. నిజమైన దాడి జరిగితే తప్ప నిజమైన పరీక్ష లేదు. దాడి మధ్యలో తప్పు కనిపిస్తే దిద్దుకునే వ్యవధి లేదు. మొదటిసారే సరిగ్గా పనిచేసి తీరాలి. పెద్ద ప్రోగ్రామేదీ మొదటిసారే సరిగ్గా పనిచేసిన దాఖలా లేదు. కాబట్టి దాన్ని ఎవరూ నమ్మకూడదు, అంతే.

అన్నయ్య: ఆ కవచం అనుకున్నట్టు కట్టనే లేదు కాబట్టి పార్నస్ గెలవనూ లేదు, ఓడనూ లేదు. కేంద్రంలో ఒక్క మహా ప్రోగ్రామ్ కాకుండా ఎవరి ముక్క వాళ్లు నడుపుకునేలా విడదీసి కట్టండి, అప్పుడు వీలవుతుందని ఆయన వదిలేసి వెళ్లిన ఆ సలహా బృందమే, ఈస్ట్‌పోర్ట్ బృందం అంటారు, అప్పుడే జవాబు చెప్పింది. ఇవాళ ఎన్నో దేశాలు ఆకాశంలో క్షిపణుల్ని కూలుస్తున్నాయి. నీ పార్నస్ మాట విని అందరూ ఇంట్లో కూర్చుంటే అవి ఉండేవా?

అమ్మాయి: కొన్నిటిని కూలుస్తున్నాయి. ఆయన వద్దన్నది అన్నిటినీ కూలుస్తామన్న నమ్మకాన్ని.

అన్నయ్య: సరే, కూల్చలేకపోయిన దాని గురించే చెప్తా. ముందు రాయి, తర్వాత దిద్దు అనే మీ పద్ధతి ఎంతకి తెస్తుందో విను. 1991 ఫిబ్రవరి 25, సౌదీలో ధహ్రాన్. ఇరాక్ వదిలిన స్కడ్ వచ్చి అమెరికా సైనికుల బ్యారక్ మీద పడింది. 28 మంది పోయారు. అక్కడ, వచ్చే క్షిపణుల్ని కూల్చే పేట్రియాట్ వ్యవస్థ ఒకటి, మా భాషలో బ్యాటరీ, ఉంది, ఆన్‌లోనే ఉంది, కానీ క్షిపణి వదల్లేదు. ఎందుకంటే స్కడ్ లేని చోట స్కడ్ కోసం చూస్తోంది.

అమ్మాయి: గడియారం.

అన్నయ్య: గడియారమే. అది కాలాన్ని సెకనులో పదో వంతు చొప్పున లెక్కపెడుతుంది. ఆ పదో వంతుని కంప్యూటర్ అంకెల్లో, అంటే ఒకట్లు సున్నాల్లో, రాస్తే అంతులేకుండా సాగుతుంది. దానికి ఇచ్చిన చోటు 24 బిట్లు. మిగతా తోక కత్తిరించారు. గంటకి సెకనులో వెయ్యోవంతులు మూడు, మూడున్నర తేడా, అంతే. కానీ ఆ బ్యాటరీ 100 గంటలకి పైగా ఆపకుండా నడిచింది. తేడా సెకనులో మూడో వంతుకి చేరింది. స్కడ్ సెకనుకి కిలోమీటరున్నరకి పైగా వెళ్తుంది. అర కిలోమీటరు పైనే గురి తప్పింది.

అమ్మాయి: ఇది మీ ఉదాహరణ కాదు పెదనాన్నా, నాది! ఆ పేట్రియాట్‌ని ఎందుకు తయారుచేశారు? యూరప్‌లో సోవియట్ విమానాల్ని, క్రూయిజ్ క్షిపణుల్ని కొట్టడానికి. ఒకచోట కొన్ని గంటలు నిలబడి, శత్రువు కనిపెట్టేలోపు ఇంకోచోటికి కదిలిపోతుందని మీలాంటి ఒక ముందుచూపున్న అధికారి క్యూఆర్‌లో రాశాడు. ఎడారిలో ఒకేచోట నాలుగు రోజులు కదలకుండా, విమానం కంటే రెండింతలకు పైగా వేగంతో వచ్చేదాన్ని కొట్టాల్సి వస్తుందని రాయలేదు. ఆ యుద్ధానికైతే ఆ గడియారం చాలు. వచ్చింది ఇంకో యుద్ధం.

అన్నయ్య: మరి మీ దిద్దుబాటు ఏమైంది? తేదీలు చూడు. ఎనిమిది గంటలు నడిచాక గురి జరుగుతోందని ఇజ్రాయెల్ వాళ్లు ఫిబ్రవరి 11నే లెక్కలు పంపారు. ఇంకెవరూ అంతసేపు ఆపకుండా నడపరులే అనుకున్నారు అమెరికన్లు. 16న దిద్దిన ప్రోగ్రామ్ విడుదల చేశారు. 21న బ్యాటరీలన్నిటికీ కబురు పంపారు, చాలాసేపు నడిపితే గురి తప్పొచ్చు అని. చాలాసేపు అంటే ఎంతసేపో అందులో లేదు. దిద్దిన ప్రోగ్రామ్ ధహ్రాన్ చేరింది 26న. అందరూ పోయిన మర్నాడు.

అమ్మాయి: ఆపి మళ్లీ ఆన్ చేస్తే గడియారం సున్నా నుంచి మొదలయ్యేది. దానికి పట్టేది నిమిషం, నిమిషంన్నర.

అన్నయ్య: అదే నా బాధ. యుద్ధంలో ఉన్న బ్యాటరీని నిమిషంన్నర గుడ్డిదాన్ని చేయమని ఏ ఆపరేటర్ తనంతట తాను అనుకుంటాడు? ఎన్ని గంటలకోసారో ఎవరో ఒకరు చెప్పాలి.

(ఇద్దరికీ ఒకే ప్రమాదం కావాల్సి వచ్చింది. తేదీలన్నీ విన్నాక నాకనిపించింది వేరు. అంచనా తప్పడం మామూలే. తప్పిందని ఇజ్రాయెల్‌లో తెలిసిన సంగతి ధహ్రాన్‌లో కుర్చీలో కూర్చున్నవాడికి గంటల లెక్కతో చేరకపోవడం దగ్గర 28 ప్రాణాలు పోయాయి. ఆ మాట అంటే, నువ్వు టీ చూడు అన్నాడు అన్నయ్య.)

అన్నయ్య: నా అనుభవంలో ప్రోగ్రామ్ కంటే తెర ముందు కూర్చున్న మనిషి గురించే నాకు ఎక్కువ భయం. 1988 జులై 3న విన్సెన్స్ అనే అమెరికా యుద్ధనౌక గల్ఫ్‌లో ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని కూల్చింది. 290 మంది. ఆ ఓడలో ఉన్నది ఏజిస్, ఆ రోజుల్లో దానికి సాటి వ్యవస్థ లేదు. విమానం పైకి ఎక్కుతోందనే అది సరిగ్గా నమోదు చేసింది. గదిలో మనుషులు కిందికి దిగుతోంది, మీదకి వస్తోంది అని అరిచారు. భయంలో ఉన్నవాడికి తెర మీద తాను భయపడేదే కనిపిస్తుంది.

అమ్మాయి: మన బడ్‌గామ్ కూడా అలాంటిదేనా?

అన్నయ్య: 2019 ఫిబ్రవరి 27, కశ్మీర్‌లో. మన స్పైడర్ క్షిపణి మన ఎంఐ-17 హెలికాప్టర్‌నే కూల్చింది. దళంవాళ్లు ఆరుగురు, కింద ఊళ్లో ఒకాయన పోయారు. పెద్ద తప్పు జరిగిందని దళాధిపతి ఆ అక్టోబరులో అందరి ముందూ ఒప్పుకున్నారు. ఇంట్లో కూర్చుని ఆ కుర్రాళ్ల మీద నేను తీర్పు చెప్పను. ఒక్క మాట చెప్తా. తెర మీద చుక్క మనదా, పరాయిదా అన్న ప్రశ్న సేజ్ రోజుల్లో ఎంత కష్టమో ఇవాళా అంతే కష్టం.

అమ్మాయి: ఇప్పుడు మీరే నా మాట చెప్పారు.

అన్నయ్య: చెప్పాను, కానీ దాన్ని పట్టుకుని చేతులు కట్టుకు కూర్చోలేం కదా. మన వైమానిక దళం కమాండ్ అండ్ కంట్రోల్ వ్యవస్థ ఐఏసీసీఎస్ తీసుకో. వైమానిక దళం రాడార్లు, పౌర విమానాల రాడార్లు, అన్నీ చూసేది ఒకే చిత్రంలో కనిపించాలని ఎప్పుడో నిర్ణయించారు. దానికి కావలసిన ఏఎఫ్‌నెట్ నెట్‌వర్కు 2010కే సిద్ధమైంది. అప్పట్లో డ్రోన్ల గుంపులు మా చర్చల్లోకి రానేలేదు. తర్వాత ఆర్మీ తన వంతుగా ఆకాశ్‌తీర్ తెచ్చుకుంది. భారత్ ఎలక్ట్రానిక్స్‌తో 2023 మార్చిలో 1,982 కోట్ల ఒప్పందం. 2025 మేలో డ్రోన్లు వచ్చి పడ్డప్పుడు ఈ రెండూ కలిసి పనిచేశాయి. ఏది వస్తుందో తెలియకపోయినా, ఏది వచ్చినా ఒకేచోట కనిపించాలి అనుకున్నారు చూడు, దాన్నేమంటావు? అదీ జోస్యమే. వచ్చే వస్తువు గురించి కాదు, కట్టడం గురించి.

అమ్మాయి: దాన్ని ఒప్పుకుంటాను. కానీ అలాంటిదానికి 2050 అక్కర్లేదు. యుక్రెయిన్‌లో 2014లో యుద్ధం మొదలయ్యాక వాలంటీర్లు ట్యాబ్లెట్ల మీద ఫిరంగుల లెక్కలు వేసే క్రొపీవా యాప్ రాసుకున్నారు. డెల్టా కూడా వాలంటీర్ల చేతుల్లోంచే పెరిగింది. యుద్ధరంగమంతా ఒక మ్యాప్ మీద చూపిస్తుంది. ప్రభుత్వం దాన్ని అధికారికంగా చేర్చుకుంది 2023లో. ముందు పని, తర్వాత కాగితం.

అన్నయ్య: పైన స్టార్‌లింక్ ఉపగ్రహాలు ఉండబట్టి కింద ట్యాబ్లెట్లు పనిచేశాయి. వాటిని ఎవరో ఏళ్ల ముందు ఊహించి పెట్టుబడి పెట్టారు. ఇక మన దగ్గరంటావా, 2020లో ఆర్మీ 89 యాప్‌లు ఫోన్లలోంచి తీసెయ్యమంది. జవాను తానే ఒక యాప్ రాసుకుని సరిహద్దు మ్యాప్ పెట్టుకుంటే ముందు వాడి మీద ఎంక్వైరీ వేస్తారు. అలా వేయడం తప్పని కూడా నేననను. యుద్ధం ముంచుకొచ్చినవాడి తెగింపు వేరు, శాంతిలో ఉన్నవాడి జాగ్రత్త వేరు.

అమ్మాయి: ఇక మీ మూడో పేజీ. 2050కల్లా కృత్రిమ మేధ కమాండర్‌కి సలహా ఇవ్వడం దాటి తానే నిర్ణయిస్తుంది, ఎందుకంటే మనిషికి ఆలోచించే వ్యవధి ఉండదు అని రాశారు. ఈ వ్యవధి లేదన్న మాట నేను చదివిన ప్రతి దశాబ్దంలోనూ ఉంది. సేజ్‌కీ అదే కారణం, రీగన్ కవచానికీ అదే కారణం. కానీ 1979 నవంబరు 9న ఏమైంది? అమెరికాలో షయాన్ కొండ లోపలి కేంద్రంలో తెరల నిండా సోవియట్ క్షిపణులు. శిక్షణ కోసం తయారుచేసిన దాడి దృశ్యం పొరపాటున అసలు తెరల మీదకి ఎక్కింది. యుద్ధ విమానాలు గాల్లోకి లేచాయి కూడా. మనుషులు కొద్ది నిమిషాల్లో ఉపగ్రహాలు, రాడార్ల అసలు సమాచారం చూసి, ఏమీ లేదని తేల్చారు. మరుసటి సంవత్సరం జూన్‌లో 46 సెంట్ల చిప్ ఒకటి పాడై సున్నాలు ఉండాల్సిన చోట రెండు అనే అంకె చూపించింది. మళ్లీ మనుషులే ఆపారు. 1983లో మాస్కో దగ్గర హెచ్చరిక కేంద్రంలో డ్యూటీలో ఉన్నది పెట్రోవ్ అనే సోవియట్ అధికారి. మేఘాల మీద పడిన ఎండని ఉపగ్రహం క్షిపణి అంది. ఐదు క్షిపణులతో ఎవడు యుద్ధం మొదలుపెడతాడని ఆయన అనుకున్నాడు. ఏ ప్రోగ్రామ్ అలా అనుకుంటుంది?

అన్నయ్య: అవి ఖండాలు దాటి వచ్చే క్షిపణులు. అరగంట వ్యవధి. ఓడకి రెండు కిలోమీటర్ల దూరానికి వచ్చేసిన క్షిపణి ముందు పెట్రోవ్‌ని కూర్చోబెట్టినా ఒకటే, నన్ను కూర్చోబెట్టినా ఒకటే. అందుకే ఫాలాంక్స్ తుపాకీ 1980 నుంచీ తనంతట తానే కాలుస్తోంది. వందల డ్రోన్లు ఒక్కసారి వస్తే ఒక్కోదానికి అనుమతి అడుగుతూ కూర్చుంటావా? అమెరికావాళ్లు ఆయుధం వాడకంలో తగినంత మానవ విచక్షణ ఉండాలని 2012లో నిబంధన రాసుకున్నారు, 2023లో తిరగరాశారు. తగినంత అంటే ఎంతో చెప్పలేదు.

అమ్మాయి: చాలాసేపు అంటే ఎంతసేపో చెప్పనట్టే.

అన్నయ్య: అవును, అలాగే అనుకో.

అమ్మాయి: మీరు చెప్పిన తుపాకీని ఒప్పుకుంటాను. అది ఒక్క ఓడ చుట్టూ, ఒక్క పని చేసేది. నా భయం వేరే చోట ఉంది. ధహ్రాన్ తర్వాత తప్పు ఎక్కడుందో బిట్లతో సహా దొరికింది. 24 దగ్గర కత్తిరించారు, ఇదిగో ఈ చోట, అని వేలు పెట్టి చూపించారు. మేం రాసే ప్రోగ్రామ్ ఎంత చెత్తదైనా వెతికితే తప్పున్న లైను దొరుకుతుంది. లక్షల ఫొటోలు చూసి తానే నేర్చుకున్న మోడల్‌లో అలాంటి లైనే ఉండదు. బస్సుని ట్యాంక్ అందనుకోండి. ఎందుకంది? ఎవరూ చెప్పలేరు. ఇంకొన్ని ఫొటోలు చూపించి మళ్లీ నేర్పుతారు. ఆ తప్పు పోతుంది. కొత్తగా ఏది వచ్చి చేరిందో తెలియదు. 2050 దాకా ఏం వచ్చినా, తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించడం ఇవాళ్టి కంటే కష్టమవుతుంది. ఇది రాసిపెట్టుకోండి.

అన్నయ్య: జోస్యాలు వద్దన్న పిల్ల జోస్యం చెప్పింది.

అమ్మాయి: కష్టం గురించి చెప్పాను. ఆ రకం చెప్పొచ్చని ఇందాకే అన్నాను.

అన్నయ్య: తల్లీ, నాకిచ్చింది ఇరవై నిమిషాలు. ఇది కష్టం, అది కష్టం అని చదివితే మూడో నిమిషానికి హాల్లో ఫోన్లు బయటికొస్తాయి. అవతలి వక్తకి డ్రోన్ల వీడియోలున్నాయి.

అమ్మాయి: బోమ్‌కీ అదే జరిగింది. సాఫ్ట్‌వేరే అడ్డంకి అని తేల్చినా, రక్షణ శాఖ బయటివాళ్లని ఒప్పించడం కష్టమైంది. చూపించడానికి గట్టి లెక్కలు లేవు మరి. 1973లో ఆ వ్యాసం నిండా అంకెలు కూర్చడానికి కారణం అదే. మీరూ లెక్కలు చూపించండి. మన దగ్గర ఏ పరికరం ఎన్ని గంటలు ఆపకుండా నడిచిందో ఎవరైనా రాస్తారా?

అన్నయ్య: రాయకపోవడమేమిటి? ప్రతి షిఫ్టుకీ లాగ్‌బుక్ ఉంటుంది. ఎన్నింటికి ఆన్ చేశారు, ఎన్నింటికి ఆపారు, మధ్యలో ఏం మొరాయించింది, అన్నీ ఉంటాయి.

అమ్మాయి: ప్రోగ్రామ్ రాసినవాళ్లు ఆ పుస్తకం చూస్తారా?

అన్నయ్య: కంపెనీవాళ్లకి లాగ్‌బుక్ ఎలా ఇస్తారమ్మా? దాని మీద సీక్రెట్ అని ముద్ర ఉంటుంది. ఏదైనా పాడైతే ఫిర్యాదు రాసి పంపుతాం.

అమ్మాయి: పాడవకుండా గంటకి వెయ్యోవంతు చొప్పున తప్పుతూ పోతే?

(అన్నయ్య కళ్లజోడు తీసి తుడుచుకుని, మూడో పేజీలో సగం కొట్టేశాడు. కృత్రిమ మేధ పేరా మాత్రం కొట్టలేదు. అమ్మాయి అడిగితే, డ్రోన్లు వచ్చేది నీ మీదకి కాదు, కుర్చీలో ఉన్నవాడి మీదకి అన్నాడు. ఆ పేరా కింద కొత్తగా రాయడం మొదలుపెట్టాడు.)

అన్నయ్య: ప్రతి మూడు నెలలకీ లాగ్‌బుక్‌లోంచి నడిచిన గంటలు, ఆపిన వేళలు, ఆపరేటర్ తెరని నమ్మక చేత్తో చేసిన పనులు, ఈ మూడూ తీసి ప్రోగ్రామ్ రాసినవాళ్లకి పంపాలి. ఎక్కడి యూనిట్, ఎవరి పేరు అక్కర్లేదు. సరిపోతుందా?

అమ్మాయి: సరిపోతుంది. దీనికి 2050 దాకా ఆగక్కర్లేదు కూడా.

అన్నయ్య: ముద్ర తీయించాలిగా. దానికో ఫైలు పెట్టాలి.

అమ్మాయి: ఎన్నాళ్లు పడుతుంది?

అన్నయ్య: అది మాత్రం జోస్యం చెప్పమనకు.